టికెట్ కొన్నాడట, పాపం!

ఉప్పల్‌లో మ్యాచ్ ఉందంటే చాలు, దమ్మాయిగూడ టీ కొట్టు దగ్గర ఒకటే ప్రశ్న వినబడుతుంది: "అన్నా, పాసులేమన్న దొరుకుతయా?" టికెట్లు దొరుకుతాయా అని మాత్రం ఎవరూ అడగరు. సినిమాకి టికెట్ కొంటారు, బస్సెక్కితే టికెట్ తీసుకుంటారు, జూ పార్కుకి వెళ్లినా లైన్లో నిలబడి డబ్బు కడతారు. క్రికెట్‌కి మాత్రం పాస్ "దొరకాలి". అది దొరకాలంటే తెలిసినవాళ్లుండాలి. బావమరిది ఆఫీసులో పెద్దసారుకి ఏదో క్లబ్బు సెక్రటరీ స్నేహితుడై ఉండాలి, ఆ సెక్రటరీకి ఆ వారం మన పెద్దసారుతో ఏదో పని పడి ఉండాలి. ఇన్ని గ్రహాలు ఒక్క ఇంట్లో చేరితే పాస్ చేతికొస్తుంది. ఈ మధ్యలో ఎవడైనా అమాయకుడు "నేను ఆన్‌లైన్ల కొన్న" అన్నాడా, చుట్టూ ఉన్నవాళ్లు టీ తాగడం ఆపి వాణ్ని జాలిగా చూస్తారు. పిల్లాడికి ఊళ్లో ఎవరూ తెలియరు కాబోలు, పాపం!

దీన్ని వట్టి టీ కొట్టు ముచ్చటగా కొట్టిపారేయడానికి లేదు. సాక్షాత్తూ హైదరాబాద్ క్రికెట్ సంఘం చెప్పిన లెక్కే ఉంది. 2023 జనవరి 18న భారత్, న్యూజిలాండ్ వన్డే జరిగింది. శుభ్‌మన్ గిల్ 208 బాదిన మ్యాచ్ అది. స్టేడియంలో మొత్తం సీట్లు 39,112. అందులో కాంప్లిమెంటరీ, అంటే ఉచితంగా పంచిపెట్టేవి 9,695. మిగిలిన 29,417 సీట్లే జనానికి అమ్మారు. లెక్కలు రానివాళ్ల కోసం ఇంకోలా చెప్పుకోవాలంటే, ప్రతి నాలుగు కుర్చీల్లో దాదాపు ఒకటి పుట్టుకతోనే ఎవరి పేరుకో రాసి ఉంది. గిల్ డబుల్ సెంచరీ కొట్టినప్పుడు లేచి చప్పట్లు కొట్టినవాళ్లలో పావు వంతు మంది పైసా కట్టకుండా కొట్టారన్నమాట. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టని పెద్దలు ఊరికే అనలేదు.

ఉచిత పాసులన్నీ పాపమేనని కాదు. ఒకప్పుడు ఈ నగరం కోసం ఎండలో చెమటోడ్చిన పాత ఆటగాడికి ఒక సీటు ఇస్తే తప్పెవరూ పట్టరు. సంఘంలో సభ్యులైన క్లబ్బులకు, బందోబస్తు చూసే శాఖలకు కొన్ని ఇవ్వడం ప్రతి ఊళ్లోనూ ఉన్నదే. చిక్కల్లా ఆ "కొన్ని" అన్న మాట దగ్గరే ఉంది. ఆ మాటకి హైదరాబాద్‌లో మరీ విశాలమైన అర్థముంది.

ఆ పావు వంతు పోగా మిగిలిన సీట్ల కోసం జనం ఎలా కొట్టుకుంటారో చూడాలంటే 2022 సెప్టెంబర్ 22 నాటి సికింద్రాబాద్ జింఖానా మైదానం గుర్తు తెచ్చుకోవాలి. మూడు రోజుల్లో ఉప్పల్‌లో భారత్, ఆస్ట్రేలియా టీ20 ఉంది. 2019 డిసెంబర్‌లో వెస్టిండీస్ మీద కోహ్లీ 94 కొట్టి నాటౌట్‌గా నిలిచిన రాత్రి తర్వాత, కొవిడ్ పుణ్యాన దాదాపు మూడేళ్లు ఉప్పల్‌కి అంతర్జాతీయ మ్యాచే రాలేదు. ఆకలిగొన్న ఊరు. ఆన్‌లైన్‌లో పెట్టిన టికెట్లు చిటికెలో మాయమయ్యాయి. మిగిలినవి జింఖానాలో కౌంటర్లు పెట్టి అమ్ముతామన్నారు. వేల మంది తెల్లవారకముందే వచ్చి నిలబడ్డారు. కౌంటర్లేమో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. గేటు దగ్గర తోపులాట, తొక్కిసలాట, ఆపైన లాఠీలు, పలువురికి గాయాలు, ఆడవాళ్లు స్పృహ తప్పడం. మహమ్మద్ అజారుద్దీన్ అధ్యక్షుడిగా ఉన్న సంఘం మీద బేగంపేట పోలీసులు కేసు పెట్టారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత పుట్టిన కాలానికి క్రికెట్ లేదు గానీ, జింఖానా గేటు ముందు ఆ రోజు కొనబోయినవాడికి చేతిలో కొరివే మిగిలింది. ఆ తర్వాత 25న మ్యాచ్ అద్భుతంగా సాగింది. సూర్యకుమార్, కోహ్లీ అర్ధసెంచరీలు, ఆఖరి ఓవర్లో గెలుపు, సిరీస్ మన చేతికి. గెలుపు కన్నా గొప్ప మందు లేదు కదా, జింఖానా సంగతి వారం తిరక్కుండానే పాతబడింది.

పాఠం నేర్చుకోలేదంటే అన్యాయం అవుతుంది. గిల్ మ్యాచ్‌కి టికెట్లన్నీ ఆన్‌లైన్‌లోనే అమ్మారు, మనిషికి నాలుగుకి మించకుండా. బాగుంది. కానీ ఫోన్‌లో కొన్న టికెట్ చూపిస్తే గేటు తెరుచుకోదు. దాన్ని ముందుగా కాగితం టికెట్‌గా మార్చుకోవాలి. ఎక్కడ? ఎల్బీ స్టేడియంలో గానీ గచ్చిబౌలి స్టేడియంలో గానీ. ఎప్పటి నుంచి? జనవరి 15, అంటే సరిగ్గా సంక్రాంతి రోజు నుంచి. దమ్మాయిగూడ మనిషికి ఉప్పల్ స్టేడియం ఈసీఐఎల్, మల్లాపూర్, నాచారం మీదుగా పది పన్నెండు కిలోమీటర్ల దూరం. ఆ పది పన్నెండు కిలోమీటర్లలో ఉన్న ఆట చూడడానికి అతను ముందు నగరాన్ని అడ్డంగా కోసుకుంటూ గచ్చిబౌలికో, నడిబొడ్డున ఉన్న ఎల్బీ స్టేడియానికో వెళ్లి, ఒక కాగితం ముక్క పట్టుకుని, మళ్లీ ఇంటికొచ్చి, తర్వాత మ్యాచ్ రోజున పక్కనున్న ఉప్పల్‌కి వెళ్లాలి. తిరుపతి వెళ్లాలంటే ముందు కాశీలో చీటీ తెచ్చుకోమన్నట్టు. ఆన్‌లైన్ అంటే లైన్లు ఉండవని అనుకున్నవాళ్లు ఆ పండక్కి లైన్లోనే నిలబడి అరిసెలు తిన్నారు.

ఐపీఎల్ వచ్చేసరికి కాగితం గొడవ తగ్గింది, ఫోన్ గొడవ పెరిగింది. టికెట్లు వదిలే రోజున దృశ్యం ప్రతి ఇంట్లో ఒకటే. చెప్పిన సమయానికి అరగంట ముందే మూడు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ వరసగా మంచం మీద పేర్చి పెడతారు. అమ్మ ఫోన్ కూడా ఒకటి పట్టుకొస్తారు, ఆవిడకి పూజ పాట వినడానికి కూడా లేకుండా. గంట కొట్టగానే నాలుగు తెరల మీద నాలుగు వేళ్లు పడతాయి. తెర మీద తెల్ల గీత ఒకటి మెల్లగా పాకుతూ ఉంటుంది. మీ ముందు ఇంతమంది ఉన్నారని ఒక అంకె వస్తుంది. ఆ అంకె చూస్తే ఏదో పట్టణ జనాభా లెక్క అనిపిస్తుంది. పేజీ తిరగెయ్యకండి, వెనక్కి నొక్కకండి అని హెచ్చరిక. ఊపిరి కూడా జాగ్రత్తగా పీలుస్తారు. చివరికి స్టేడియం బొమ్మ తెరుచుకుంటుంది. స్టాండ్లన్నీ బూడిద రంగులో ఉంటాయి, ఎక్కడో ఒక మూల ఒకే ఒక్క గడి వెలుగుతుంది. నొక్కేలోపు అదీ ఆరిపోతుంది. "సోల్డ్ అవుట్" అన్న రెండు ముక్కల్ని తెలుగులో సరిగ్గా అనువదిస్తే "మీకు కాదు" అని వస్తుంది.

అమ్మకంతో పాటు కొసరు కూడా ఉండాలి కదా. 2025 సీజన్ మొదట్లో సన్‌రైజర్స్ ప్రకటించిన కొసరు ఏమిటంటే, రెండు టికెట్లు కొంటే ఒక జెర్సీ ఉచితం. మంచి బేరమే. ఇద్దరు మనుషులు, ఒక చొక్కా! మొగుడూ పెళ్లామూ వెళితే ఒకరు నారింజ రంగులో, ఒకరు ఇంటి బట్టల్లో. ఇద్దరు స్నేహితులు వెళితే మొదటి ఇన్నింగ్స్ ఒకరు, రెండో ఇన్నింగ్స్ ఇంకొకరు వేసుకోవాలి. అసలు కన్నా కొసరు ముద్దంటారు. ఇక్కడ అసలే దొరకనివాడికి కొసరు చూపించి ఊరించడమొక్కటే కొత్త. ఎందుకంటే, ఆ సీజన్లో ఉప్పల్ టికెట్ అమ్మడానికి ఎర వెయ్యాల్సిన పనే లేదు. అంతకుముందు ఏడాదే ముంబై మీద 277 కొట్టిన జట్టిది. 2025 మార్చి 23న మొదటి మ్యాచ్‌లోనే రాజస్థాన్ మీద 286 బాదింది, ఇషాన్ కిషన్ సెంచరీతో. ఏప్రిల్‌లో అభిషేక్ శర్మ పంజాబ్ మీద 141 కొట్టాడు. ఆ ఆట చూడడానికి జనం చొక్కా ఇచ్చి కూడా వస్తారు.

అమెరికా బేస్‌బాల్ వాళ్లు ఈ ఎరల విద్యలో మనకి తాతలు. 1974లో క్లీవ్‌లాండ్‌లో పది సెంట్లకే బీరు అని ప్రకటించారు. పాతిక వేల మంది వచ్చారు, తాగినవాళ్లు మైదానంలోకి దూకారు, చివరికి సొంత జట్టు ఆటే వదులుకోవాల్సి వచ్చింది. 1979లో చికాగోలో పాత డిస్కో రికార్డు తెస్తే 98 సెంట్లకే లోపలికి రానిస్తామన్నారు. ఆ రికార్డుల్ని మైదానం మధ్యలో పేల్చారు, జనం లోపలికి ఉరికారు, ఆ రోజు ఆడాల్సిన రెండో ఆట రద్దయి చికాగో చేతులెత్తేసింది. గిరాకీని బట్టి టికెట్ ధర ఎప్పటికప్పుడు మార్చే పద్ధతిని 2009లో శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ మొదలుపెట్టారని గొప్పగా చెప్పుకుంటారు. ఆ శాస్త్రం ఉప్పల్ రోడ్డు మీద బ్లాక్‌లో అమ్మేవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. ధోనీ వస్తే ఒక రేటు, రాకపోతే ఒక రేటు, వాన మబ్బు పట్టిందంటే ఇంకో రేటు.

అయితే వాళ్లలో ఒక్క సంగతి మాత్రం మెచ్చుకోవాలి. 2023 జూన్ 13న ఓక్లాండ్ అభిమానులు తమ జట్టు యజమాని మీద కోపంతో ఇంట్లో కూర్చోలేదు. అందరూ కలిసి టికెట్లు కొనుక్కుని 27,759 మంది వచ్చారు. జట్టుని వేరే ఊరికి తరలిస్తున్న ఆయన్ని "అమ్మెయ్" అంటూ ఆకుపచ్చ చొక్కాలేసుకుని అరిచారు. ఆ చొక్కాలు కూడా జట్టు ఇచ్చిన ఉచితం కాదు, అభిమానులే చందాలేసుకుని కుట్టించుకున్నవి. ఉప్పల్‌లో అలాంటి నిరసనకి వీలు లేదు. నిరసన తెలపాలన్నా ముందు టికెట్ దొరకాలి.

ఇంతకీ అంత కష్టపడి లోపలికి వెళ్లినవాడికి ఏం దక్కుతుంది? 2023 ప్రపంచకప్ రోజుల్లో పక్షుల రెట్టలతో నిండిన కుర్చీల ఫొటోలు బయటికొచ్చాయి. అదే కప్పుకి ముందు సెప్టెంబర్ 29న పాకిస్తాన్, న్యూజిలాండ్ సన్నాహక మ్యాచ్‌కి టికెట్లు అమ్మి, గణేశ్ నిమజ్జనం బందోబస్తుతో తీరిక లేదని ప్రేక్షకులు లేకుండానే ఆడించారు, డబ్బు వెనక్కిచ్చారు. వినాయకుడి పండగ తేదీ పంచాంగంలో ఏడాది ముందే అచ్చవుతుందన్న సంగతి క్రికెట్ పెద్దలకి ఎవరూ చెప్పినట్టు లేదు. 2024 ఏప్రిల్‌లో చెన్నై మ్యాచ్‌కి ఒక్క రోజు ముందు, కోటిన్నరకు పైగా బకాయి పడ్డారని కరెంటు శాఖవాళ్లు స్టేడియానికి సరఫరా నిలిపేశారు. తర్వాత మళ్లీ ఇచ్చారు, అది వేరే సంగతి. 2025 ఏప్రిల్‌లో మరో వింత. నార్త్ స్టాండ్‌కి అజారుద్దీన్ పేరు తీసెయ్యాలని, టికెట్ల మీద కూడా ఆ పేరు ఉండకూడదని సంఘం అంబుడ్స్‌మన్ ఆదేశించారు. హైకోర్టు దాన్ని ఆపింది. సీటు దొరుకుతుందో లేదో తెలియనివాడికి, దొరికితే ఆ సీటు ఎవరి పేరు మీద ఉంటుందో తెలియని అదనపు ఉత్కంఠ.

కానీ అన్నిటికన్నా ముచ్చటైన కథ 2025 మార్చి 27ది, లక్నో మ్యాచ్ నాటిది. ఐపీఎల్ మ్యాచ్‌ల్లో స్టేడియం సీట్లలో పదో వంతు, అంటే సుమారు 3,900 పాసులు సంఘానికి వెళ్లాలని ఒప్పందం. ఏడు మ్యాచ్‌లకి కలిపితే 27,300. అది చాలక ఇంకో ఇరవై టికెట్లు కావాలని, ఇవ్వకపోతే తియ్యమని, ఎఫ్3 బాక్సుకి తాళం వేశారని సన్‌రైజర్స్ యాజమాన్యమే ఫిర్యాదు చేసింది. బెదిరింపులు ఆగకపోతే మ్యాచ్‌లు వేరే ఊరికి పట్టుకుపోతామంది. సంఘం ఆ ఆరోపణల్ని కొట్టిపారేసింది. ముఖ్యమంత్రి విజిలెన్స్ విచారణకి ఆదేశించారు. జూలైలో సీఐడీ సంఘం అధ్యక్షుడు ఎ. జగన్‌మోహన్‌రావుతో పాటు మరికొందరిని అరెస్టు చేసింది. ఎవరి తప్పెంతో కోర్టులు తేలుస్తాయి. ఆ అరెస్టులకి ముందే ఇరుపక్షాలు కూర్చుని రాజీపడిన విషయం మాత్రం చూడదగ్గది: ఎప్పటిలాగే పదో వంతు, 3,900 పాసులూ ఇస్తారు. జట్టూ సంఘమూ కొట్టుకున్నది పాసుల కోసం, కలిసిపోయిందీ పాసుల మీదే. ఆ గొడవలోనూ, ఆ రాజీలోనూ డబ్బు పెట్టి కొనేవాడి పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి అతను ఎవరికీ తెలిసినవాడు కాదు మరి.

అతను మాత్రం కడుతూనే ఉన్నాడు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఐపీఎల్ టికెట్ మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. వెయ్యి రూపాయల సీటు అంతకుముందు 1,280, ఇప్పుడు 1,400. ఆపైన బుకింగ్ రుసుము. గేటు దగ్గర పోలీసులు నీళ్ల సీసా తీసేసుకుంటారు, హెల్మెట్ పెట్టుకోవడానికి చోటు వెతుక్కోమంటారు, చిల్లర నాణేలు, రాసుకునే పెన్ను కూడా లోపలికి వద్దంటారు.

దొరకనివాడు ఏం చేస్తాడు? మ్యాచ్ సాయంత్రం మెట్రో స్తంభాల కింద, స్టేడియం స్టేషన్ మెట్ల దగ్గర, ఫోన్ పట్టుకుని నిలబడ్డ గుంపు కనిపిస్తుంది. ఫ్లడ్‌లైట్ల వెలుగు మొహాల మీద పడేంత దగ్గర. ఒకడి ఫోన్ చుట్టూ ఆరుగురు తలలు వంచి చూస్తుంటారు. ఉన్నట్టుండి గోడ అవతల ముప్పై వేల గొంతులు ఒక్కసారి లేస్తాయి. వీళ్లు గబగబా తెర వైపు చూస్తారు. అక్కడ బౌలర్ ఇంకా బంతిని ప్యాంటుకి రుద్దుకుంటున్నాడు.

"సిక్సేనారా?"

"ఆగు, ఇంక వెయ్యనే లేదు."