మత్తు తగ్గించే లెక్క

జిల్లాలో మత్తుమందులు వాడేవాళ్లెందరో తేల్చమని పైనుంచి కాగితం వచ్చిందా? కంగారు పడకండి. ఎంతమంది కావాలో ముందు అనుకోండి, తగిన పద్ధతి దానంతటదే దొరుకుతుంది.

తక్కువ కావాలంటే ఇంటింటి సర్వే. కుర్రాడికి అటు నాన్న, ఇటు అమ్మ, గుమ్మంలో పక్కింటి పిన్నిగారు. "బాబూ, ఈ ఏడాదిలో గంజాయి తాగావా?" "ఛీ, లేదండీ!" సున్నా వేసుకోండి. హాస్టల్లో, ఫుట్‌పాత్ మీద, జైల్లో ఉన్నవాళ్లకు తట్టడానికి తలుపే లేదు. 2019లో కేంద్రం విడుదల చేసిన సర్వే కోసం ఎయిమ్స్ వాళ్లు రెండు లక్షల ఇళ్లు తిరిగారు. అదీ చాలదని, ఒకరి ద్వారా ఒకరిని పట్టుకుంటూ 70 వేలమందికి పైగా వాడకందార్లతో విడిగా మాట్లాడారు. అంత చాదస్తం మనకెందుకు?

ఎక్కువ కావాలంటే పట్టివేతలు లెక్కెయ్యండి. అల్లూరి జిల్లా మన్యం నుంచి పై రాష్ట్రాలకు పోయే గంజాయంతా చెక్‌పోస్టు ఊరివాళ్లే తాగుతారనుకుంటే, ఆ మండలంలో పాలబుగ్గల పిల్లలు కూడా మత్తులో జోగుతుండాలి. చెక్‌పోస్టు ఎత్తేస్తే మర్నాటికి ఊరు బాగుపడుతుంది.

అసలు మజా రెండు జాబితాల పద్ధతిలో ఉంది. 1896లో డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్సన్ చేపలకు గుర్తులు కట్టి వదిలిన నాటి ఉపాయమిది. పోలీసుల జాబితాలో 200 మంది, డీ-అడిక్షన్ సెంటర్ జాబితాలో 100 మంది, రెండింట్లోనూ ఉన్నవాళ్లు 20 మంది అనుకోండి. 200ను 100తో హెచ్చించి 20తో భాగిస్తే వాడేవాళ్లు వెయ్యిమంది. అయితే ఒక జాబితాకూ మరోదానికీ సంబంధం ఉండకూడదని షరతు. ఆ షరతు ఎవరు చూడొచ్చారు! పోలీసులే జీపెక్కించి సెంటర్లో దింపితే ఉమ్మడి పేర్లు 50 అవుతాయి, జవాబు 400కు దిగుతుంది. డీజిల్ ఖర్చుతో ఆరు వందలమంది మానేశారు! ఒక్క పేరూ కలవకుండా మాత్రం చూసుకోండి. సున్నాతో భాగించాల్సొస్తే జిల్లా జనాభా కూడా చాలదు.

భయపడాల్సింది మురుగునీటికే. దానికి పరువూ లేదు, నాన్నంటే జంకూ లేదు. 2005లో ఇటలీలో ఊళ్ల మురుగు కలిసే పో నది నీళ్లు పరీక్షిస్తే, రోజుకు నాలుగు కిలోల కొకైన్ వాడకానికి సరిపడా ఆనవాళ్లు దొరికాయి. అధికారిక అంచనాలు అందులో ఏ మూలకూ రావు. మనకా బెంగ లేదు. ఈ పరీక్షకు ఊరి మురుగంతా ఒక్క చోటికి చేరాలి. మన ఊళ్లలో చాలావాటికి భూగర్భ డ్రైనేజీ ఇంకా టెండర్లలోనే ఉంది.