పచ్చటి బ్రోషరు, ఉప్పటి బోరు

నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో వరిమళ్లతో పోటీ పడి పచ్చగా కనిపించాలని హోర్డింగులు తెగ ఆరాటపడుతున్నాయి. "ప్రకృతి ఒడిలో పర్యావరణ హిత అపార్ట్‌మెంట్." డెబ్బై నాలుగు అంకణాల స్థలం, స్టిల్టు మీద రెండంతస్తులు, అంతస్తుకు నాలుగు చొప్పున ఎనిమిది ఫ్లాట్లు. ఎత్తు తక్కువ కాబట్టి భూమాతకు భారం కూడా తక్కువేనట. బ్రోషర్ బొమ్మలో మేడ ముందు దేవదారు లాంటి చెట్లు, వాటి కింద బొచ్చుకుక్క, దాన్ని పట్టుకుని స్వెట్టరు వేసుకున్న పాప. నెల్లూరు తీరంలో స్వెట్టరు! ఆ బొమ్మ గీసిన మహానుభావుణ్ణి మే నెలలో ఒక్క మధ్యాహ్నం ఇటు తీసుకొచ్చి నిలబెడితే ముందు ఆ కుక్కకు బొచ్చు కత్తిరించేవాడు.

చిన్న అపార్ట్‌మెంట్ మీద నాకేం కోపం లేదు. ఈ తీరానికి తగినది అదే. నా తగాదా అంతా పచ్చదనాన్ని డబ్బాలో కలిపి గోడకు పూసి అమ్మేవాళ్లతోనే.

"అలలకు వంద అడుగుల్లో" అంటుంది బ్రోషరు. వంద అడుగులంటే 30 మీటర్లు. 2019లో తీర నియంత్రణ నిబంధనలను కేంద్రం ఎంత ఉదారంగా సడలించినా, జనం కిక్కిరిసిన పల్లె తీరంలో సైతం పోటు గీత నుంచి 50 మీటర్ల లోపు ఇల్లు లేపకూడదు. జనం పలచగా ఉన్నచోట 200 మీటర్లు. అంటే ఆ వాక్యం నిజమైతే మేడ అక్రమం, మేడ సక్రమమైతే వాక్యం అబద్ధం. ఏది కావాలో కొనేవాళ్లే తేల్చుకోవచ్చు. కస్టమర్ ఛాయిస్ అని బ్రోషర్లో రాసింది దీని గురించే కాబోలు.

ఇక గాలి. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక తూర్పున సముద్రం మీంచి గాలి తిరుగుతుంది. దానికి కరెంటు బిల్లు రాదు. తూర్పున లోపలికి రానిచ్చి పడమట బయటికి పోనిస్తే చాలు, సగం ఏసీలు పని మానేస్తాయి. మనవాళ్లు ఏం చేస్తారు? నడుమ లిఫ్టూ మెట్లూ పెట్టి, ఫ్లాట్లను వీపుకు వీపు ఆనించి నిలబెడతారు. పడమటి రెండింటికీ సముద్రపు గాలి తగలదు, తూర్పు రెండింటిలో దూరిన గాలికి బయటికి దారుండదు. ఆ తూర్పు ఫ్లాట్లలో కూడా ఈశాన్యం మూల పూజగదిది. ఇంట్లోకెల్లా మంచి గాలి దేవుడి పటాలకు, వడగాలి మనకు. పైగా ఓపెన్ కిచెన్. నెల్లూరోళ్లకు, చేపల పులుసు కాచేవాళ్లకు, ఓపెన్ కిచెన్! ఆదివారం పొయ్యి మీద మామిడికాయ వేసి కాచిన పులుసు మంగళవారం దాకా సోఫాలో కూర్చునే ఉంటుంది.

కిటికీ సంగతీ చూడండి. 2018లో కేంద్రం ఎకో నివాస్ సంహిత అని ఇళ్ల కోసమే ఒక కోడ్ తెచ్చింది. మనలాంటి ఉక్కపోత ప్రాంతాల్లో, తెరుచుకునే కిటికీలూ తలుపులూ కలిపి నేల విస్తీర్ణంలో ఆరో వంతైనా ఉండాలంటుంది అది. పదికి పన్నెండు పడగ్గదికి ఆ లెక్కన 20 చదరపు అడుగులు. బిల్డరు పెట్టేది అయిదుకు నాలుగు స్లైడింగ్ కిటికీ. అంకె సరిపోయింది. కానీ స్లైడింగ్ కదా, ఒక రెక్క తోస్తే ఇంకో రెక్క మీదికి పోతుంది, తెరుచుకునేది పదే. దాని మీద సన్‌షేడు కూడా ఉండదు, ఎలివేషన్ పాడవుతుందట. ఇంతకీ ఆ కోడ్ 500 చదరపు మీటర్లు, ఆపై స్థలాలకే రాసుకున్నారు. మన కొలతలో ఇంచుమించు డెబ్బై అయిదు అంకణాలు. మన స్థలం డెబ్బై నాలుగు.

నీళ్ల దగ్గరికొస్తే బ్రోషర్ ఇంకా ఉదారం. ముందు పచ్చిక, మీద ఆకాశాన్ని తాకే ఇన్ఫినిటీ పూల్. వీటికి నీళ్లెక్కడివి? తీరంలో నేల కింద తీపి నీళ్లు ఉప్పునీళ్ల మీద పలచగా తేలుతుంటాయి. లోతుకు పోయి గట్టిగా లాగితే బోరు ఉప్పే పోస్తుంది. అయినా ఇంకుడు గుంత ఉంది కదా అంటారు. ఉంది, ప్లానులో. సైటులో అది ఖాళీ సిమెంటు సంచులకు శాశ్వత నివాసం.

చిన్న లెక్క వేద్దాం. ఎనిమిది కుటుంబాలు, 32 మంది. తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు 5 లీటర్లు, మొత్తం 160. నెల్లూరు వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే ఈశాన్య రుతుపవనంలో దంచి కొడుతుంది. జనవరి నుంచి సెప్టెంబరు దాకా 270 రోజులకు కావలసింది 43,200 లీటర్లు. ఏటా వెయ్యి మిల్లీమీటర్లు కురిసే ఊళ్లో 300 చదరపు మీటర్ల మిద్దె మీద పడేది 3 లక్షల లీటర్లు. అందులో ఏడో వంతు పట్టి దాచుకుంటే ఏడాది పొడవునా క్యాను నీళ్ల బండి కోసం గేటు దగ్గర కాపలా కాయక్కర్లేదు. ఆ ట్యాంకు ఎంత ఉండాలి? 9 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు. చూశారా, సరిగ్గా ఇన్ఫినిటీ పూల్ అంత! దాన్ని తెచ్చి, వాన పట్టాల్సిన మిద్దె మీదే కూర్చోబెట్టి, ట్యాంకరు నీళ్లతో నింపి, అందులో క్లోరిన్ పోసి, కింద క్యాను నీళ్లు కొనుక్కు తాగమంటున్నారు. పర్యావరణ హితమంటే ఇదన్నమాట.

వరద గురించి ఎక్కువ చెప్పను, నెల్లూరోళ్లకు చెప్పక్కర్లేదు. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలుపట్టాలనూ, కోవూరు దగ్గర హైవేనూ కోసుకుపోయింది. ఆ తర్వాత కూడా స్టిల్టులో నేలకు రెండడుగుల ఎత్తున మీటర్ బోర్డులు, పక్కన జనరేటరు పెడుతూనే ఉన్నారు.

అసలు శత్రువు కనిపించడు. ఉప్పుగాలి. కాంక్రీటు సందుల్లోంచి మెల్లగా లోపలికి దిగి కడ్డీని చేరుతుంది, కడ్డీ తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును లోపల్నుంచి పగలగొడుతుంది. స్లాబు కింద పెచ్చులూడటం అంటే ఇదే. దీనికి మందు పాతదే, ఐఎస్ 456 అనే కోడ్ పుస్తకంలో 2000 నుంచీ ఉంది: తీరపు గాలి తగిలే కాంక్రీటు కనీసం ఎం30 గ్రేడుది ఉండాలి, కడ్డీకీ గాలికీ మధ్య 45 మిల్లీమీటర్ల కవర్ ఉండాలి, కలిపే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. సైటుకు పోయి చూడండి. కవర్ బ్లాకుల బదులు చేతికందిన కంకరరాయి ముక్క, అది జారిపోతే కడ్డీ సెంట్రింగ్ రేకును ముద్దాడుతూ ఉంటుంది. నీళ్లు? పక్కనే బోరుంది కదా! సేల్స్ కుర్రాణ్ణి "కవర్ ఎంత ఇస్తున్నారు బాబూ?" అని అడగండి. "కవర్డ్ పార్కింగ్ సార్, ఎక్స్‌ట్రా అవుతుంది" అంటాడు.

ఇంకో విశేషం. కృష్ణపట్నం పక్కన నేలటూరు థర్మల్ కేంద్రంలో బొగ్గు కాలి గుట్టలుగా పడే బూడిదను సిమెంటులో కలిపితే ఉప్పు లోపలికి దిగడం బాగా నెమ్మదిస్తుంది. ఈ జిల్లాలో దొరికే నిఖార్సైన పర్యావరణ హిత సరుకు అదీ. బ్రోషర్లో దాని ఊసే లేదు. రంగు బూడిద కదా, ఫొటోలో పచ్చగా పడదు. బాల్కనీలో ప్లాస్టిక్ తీగల నిలువు తోట మాత్రం నాలుగు పేజీల్లో పాకింది. ఇరవై ఏళ్లకే కూలగొట్టాల్సిన మేడకు ఎన్ని తీగలు పాకిస్తే ఏం? అందులో పోసిన సిమెంటూ ఉక్కూ మళ్లీ మొదటి నుంచి కొనాల్సిందే.

ఇంతకీ సరిగ్గా ఎనిమిది ఫ్లాట్లే ఎందుకని ఎవరూ అడగలేదు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అదే రెరాలో ఒక వెసులుబాటుంది: ఫ్లాట్లు ఎనిమిది దాటకపోతే, లేదా స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోతే ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కిటికీ కొలతలోనూ కడ్డీ కవర్లోనూ ఎక్కడా కనిపించని కచ్చితత్వం ఈ రెండు అంకెల దగ్గర పొల్లు పోకుండా ఉంది. భూమాతకు తగ్గించిన భారం ఏమోగానీ, కాగితాల భారం మాత్రం బాగానే తగ్గింది. అదే చట్టం స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరు సొంత ఖర్చుతో 30 రోజుల్లో బాగు చేయాలంటుంది. ఉప్పు అంత తొందరపడదు. ఏ ఆరో ఏటో, ఏడో ఏటో బాల్కనీ కింద మొదటి పెచ్చు ఊడి స్కూటరు సీటు మీద పడుతుంది. అప్పుడు ఫోన్ చేయండి, ఎత్తుతాడు. ఎత్తి, తూపిలిపాళెం వైపు వేస్తున్న కొత్త ఎకో వెంచరులో పాత కస్టమర్లకు ప్రీ-లాంచ్ రేటు ఎంతో చెబుతాడు.