పానా పిల్లల చేతికివ్వకండి

కుళాయి కారుతోందా? మంచి అవకాశం. పిల్లవాణ్ణి పిలిచి టార్చి చేతికివ్వండి. మీరు తల ఎటు తిప్పితే వెలుగు అటు పడాలి, మీ చేతులు చేసే పని మాత్రం వాడికి కనపడకూడదు. వీపు అడ్డం పెట్టుకుని కూర్చుంటే చాలు. "యాడ చూస్తాండావు నైనా, ఇటు పట్టు" అని నిమిషానికోసారి కసరండి. అయిపోయాక "చూశావు గదా, ఇంతే" అనండి. వాడు చూసింది మీ బనియనునే. అయినా నేర్పామన్న తృప్తి మనకు దక్కుతుంది.

టెఫ్లాన్ టేపును మర బిగిసే దిక్కుకే చుట్టాలనీ, ఎదురు చుడితే బిగించేటప్పుడే ఊడొస్తుందనీ పొరపాటున కూడా చెప్పకండి. ముందు వాల్వు కట్టేయాలన్న సంగతి అసలే వద్దు. వాడు రేపు ఎదురు చుడతాడు. ఇల్లు తడుస్తుంది, మీ గౌరవం పొడిగా ఉంటుంది.

సామాను రేకుపెట్టెలో ఉండాలి, తాళంచెవి మీ మొలతాడుకు ఉండాలి. ఏడాదికోసారి తెరవండి. ఆయుధపూజ నాడు సుత్తి, పానా, కటింగ్ ప్లయరు తుడిచి వరసగా పెట్టి, పిల్లలచేత గంధం, కుంకుమ పెట్టించండి, దండం పెట్టించండి. మర్నాడు విజయదశమి. ఏ విద్య మొదలుపెట్టడానికైనా అంతకన్నా మంచిరోజు లేదంటారు. అందుకే తెల్లారేలోపే పెట్టెకు తాళం పడిపోవాలి.

గుడియాత్తం నుంచి కాట్పాడికి వచ్చి స్థిరపడిన నేతింటివాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. మీ పాతిళ్లలో చాలా ప్రమాదకరమైన పద్ధతి ఒకటి నడిచేది. చిన్నపిల్లలు అవ్వ పక్కన కూర్చుని కండెలు చుట్టేవాళ్లు. కాస్త వేళ్లు తిరిగాక తెగిన పోగు అతికేవాళ్లు. తర్వాత పాత పడుగు కొసలకు కొత్త పడుగును పోగు వెంట పోగుగా పురిపెట్టి కలిపేవాళ్లు. కాళ్లు తొక్కుడు పలకలకు అందిన నాడు మగ్గం గుంటలో దిగేవాళ్లు. పాఠం చెప్పినవాడు లేడు. తెగిన పోగు చూసుకోకుండా నేస్తే లుంగీ పొడుగునా గీత పడేది, తిట్టు దాంట్లోనే ఉండేది. ఇలాగైతే పిల్లలు నిజంగానే నేర్చేసుకుంటారు!

దానికి బదులు ఉపన్యాసం ఇవ్వండి. తాడు లాగితే పరుగెత్తే నాడెను 1733లో ఇంగ్లండులో జాన్ కే అనే ఆయన తయారుచేశాడనండి. 1985 చట్టం చేనేతకు కేటాయించిన రకాల్లో మన లుంగీ కూడా ఉందనండి. 2015 నుంచి ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం కాబట్టి ఆ పొద్దు వాట్సాప్‌లో మగ్గం బొమ్మ పెట్టమనండి. అన్నీ చెప్పండి, నాడె మాత్రం ఇవ్వకండి.

ఆడవాళ్ల సంగతి. రాట్నం అవ్వ తిప్పితేనే కండె, కండె ఉంటేనే నాడె. అయినా ఇంట్లో నేసేది ఎవరంటే తాత పేరే చెప్పాం. ఈ సంప్రదాయాన్ని ఫ్యూజు దగ్గరా కాపాడండి. మెయిన్ ఎక్కడ ఆపాలో, ఎంత సన్నతీగ వేయాలో కోడలికి తెలిసిపోతే, మీరు తిరుపతిలో ఉండగా ఫోను రాదు. తీర్థయాత్రలో మామగారికి ఒక్క ఫోనైనా రాకపోతే ఎంత చిన్నతనం!

పిల్లవాడు "ఎందుకు తాతా?" అంటే "పోయి చదువుకో" అనాలి. 1984లో మొదలైన ఇంజినీరింగు కాలేజీ వీఐటీగా పెరిగి మన కాట్పాడిలోనే ఉంది, మెకానికల్ సీటు తెచ్చుకొమ్మనండి. అంతదాకా స్క్రూ ముట్టుకోవద్దనండి. పట్టా చేతికొచ్చిన రోజే ఫ్యాను కెపాసిటరు మార్చమనండి. వాడు ఎలక్ట్రీషియన్ నంబరు వెతుక్కుంటుంటే, "ఈ కాలం పిల్లోళ్లకు ఏమొస్తుందబ్బా" అని పక్కింటికి వినబడేలా నిట్టూర్చండి. ఇన్నేళ్ల శ్రమకు ఫలితం ఆ నిట్టూర్పే, తొందరపడి ముందే వాడేసుకోకండి.

ఒక్కో ఇంట్లో మాత్రం దురదృష్టం కొద్దీ పిల్లవాడు యూట్యూబు చూసి, మీరు నిద్రపోతుండగా ఫ్యాను తనంతట తానే బాగుచేసేస్తాడు. కంగారు పడకండి. కుర్చీ లాక్కుని సరిగ్గా దానికింద కూర్చోండి. కాసేపు చెవి నిక్కించి, శబ్దం వస్తోందనండి. రాకపోయినా సరే.