పెన్షన్ మాది, రోజుల లెక్క వాళ్లది

మా రోజుల్లో రిటైరైనవాడు ఎక్కడికి పోయేవాడు? సొంత ఊరికి. మహా అయితే పెద్దకొడుకు ఉద్యోగం చేసే ఊరికి. ఒకటో తారీఖున ట్రెజరీకి వెళ్లి, పెన్షన్ పుస్తకం చూపించి, సంతకం పెట్టి, డబ్బు లెక్కపెట్టుకుని వచ్చేవాడు. మా నాన్నగారు బడిపంతులు. సబ్ ట్రెజరీ గుమాస్తా కిటికీలోంచి ఆయన్ని చూడగానే “రండి మాస్టారూ” అనేవాడు. ఆయన బతికున్నారనడానికి అంతకుమించిన రుజువు ఎవరూ అడగలేదు. మనిషి, డబ్బు, లెక్క రాసే గుమాస్తా ముగ్గురూ ఒకే తాలూకాలో ఉండేవారు.

ఇప్పుడు హైదరాబాద్‌లోని మా నల్లగండ్ల చూడండి. హుడా లేఅవుట్‌లో సాయంత్రం నడకకు వచ్చే పెద్దవాళ్లలో కోడలి పురుటికని డాలస్ వెళ్లొచ్చినవాళ్లు, మనవళ్లను చూసుకోవడానికి న్యూజెర్సీ వెళ్లబోయేవాళ్లు ఎంతమందో! మన పిల్లలు గచ్చిబౌలిలో మొదలుపెట్టి అమెరికాలో తేలారు. వాళ్ల వెంట మేమూ తిరుగుతున్నాం. పెన్షన్ రూల్స్ మాత్రం మేమింకా ట్రెజరీ కిటికీ దగ్గరే నిలబడి ఉన్నట్టు రాసి ఉన్నాయి.

నేను రైల్వేలో చేశాను. కేంద్ర పెన్షనర్లకు నవంబరు అంటే లైఫ్ సర్టిఫికెట్ నెల. అది అందకపోతే డిసెంబరు నుంచి పెన్షన్ ఆగుతుంది. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ వచ్చింది, 2021లో ఫోన్‌లో ముఖం చూపించి పంపే పద్ధతీ పెట్టారు. మంచానపడ్డవాళ్లకు ఇది నిజంగా మేలు, కాదనను. కానీ మా ఆవిడ ఫోన్ పట్టుకుంటే, తెర మీది గుండ్రటి గీతలో ముఖం ఇమిడ్చి, శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లు ఆర్పుతూ నేను నిలబడితే తెలిసింది ఆ కష్టం. వెలుతురు చాలదంటుంది, దగ్గరికి రమ్మంటుంది, మళ్లీ ఆర్పమంటుంది. ఓటీపీ వచ్చేది ఇక్కడి నంబరుకి. అమెరికాలో ఉండగా రీచార్జ్ మరిచిపోయామా, ఆ నంబరే చేజారిపోతుంది.

దానికీ దారి ఉంది, చాలామందికి తెలియదు. విదేశంలో ఉన్న పెన్షనర్ స్వయంగా రానక్కర్లేదు. మేజిస్ట్రేటు గానీ, నోటరీ గానీ, బ్యాంకు అధికారి గానీ, భారత దౌత్య అధికారి గానీ సంతకం చేసిన సర్టిఫికెట్‌ను మన తరఫు మనిషి ఇక్కడ ఇస్తే చాలని రూల్ స్పష్టంగా ఉంది. మా బ్లాకులో ఒక పెద్దాయన అక్కడి నోటరీ చేత సంతకం చేయించి పంపితే, ఇక్కడి బ్యాంకు కౌంటరులోని కుర్రాడు “కాన్సులేట్ ముద్ర ఏదీ?” అని కాగితం వెనక్కిచ్చాడట. రూల్ ఉన్నది పెద్దవాళ్ల మేలు కోసం. కౌంటరులో కూర్చున్నవాడికి దాన్ని చదివి వినిపించే పని కూడా పెద్దవాళ్ల మీదే పడితే ఎలా? ఆ పెద్దాయన కేంద్ర పెన్షనర్ల ఫిర్యాదుల పోర్టల్ సీపెన్‌గ్రామ్స్‌లో ఫిర్యాదు పెట్టుకున్నాకే అది కదిలింది. అలాంటిది ఎదురైతే ఎవరైనా పెట్టండి, మొహమాటం వద్దు.

నన్ను అసలు బాధపెట్టేది పన్ను. ఆ పెద్దాయనకు గ్రీన్‌కార్డు ఉంది. ఏడాది దాటి అమెరికా బయట ఉంటే అది పోయే ప్రమాదం, ఆరు నెలలు దాటితేనే ఎయిర్‌పోర్టులో ప్రశ్నలు. అందుకని ఏడాదిలో నాలుగు నెలలే ఇక్కడ ఉంటారు. ఆయనలాంటివాళ్లు ఏడాదిలో 182 రోజులు ఇక్కడ లేకపోతే ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో భారత నివాసి కారు. దాంతో 87ఏ సెక్షన్ కింద వచ్చే రిబేటు పోయింది, అది నివాసులకే కాబట్టి. పాత విధానంలో సీనియర్ సిటిజన్లకు బ్యాంకు వడ్డీ మీద ఇచ్చే 50,000 మినహాయింపూ నివాసులకే.

లెక్క వేసి చూపిస్తాను. 2025-26లో కొత్త విధానం కింద ఏడాదికి 8,75,000 పెన్షన్ వచ్చే మనిషిని తీసుకోండి. 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా 8,00,000. నల్లగండ్లలోనే కూర్చుంటే రిబేటు వల్ల పన్ను సున్నా. మనవడి దగ్గర ఎక్కువ నెలలు ఉంటే 20,000 పన్ను, దాని మీద సెస్సు 800. చేసిన నౌకరీ ఇద్దరిదీ ఒకటే, ఇచ్చేదీ ఒకే ఖజానా. తేడా నిద్రపోయిన ఊరిలో ఉంది.

మా తరానికి 1982 డిసెంబరు 17 గుర్తుంది. డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ అంటే సర్కారు దయ కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అంది. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవాళ్లను వేరుగా చూడడం చెల్లదంది. అందుకే ఆ రోజును పెన్షనర్ల దినంగా జరుపుకుంటాం. రిటైరైన తేదీతో మనుషుల్ని విడదీయకూడదన్నప్పుడు, ఉన్న చోటుతో ఎందుకు విడదీయాలి? పెన్షన్ లెక్క వేరు, పన్ను లెక్క వేరు అంటారు వకీళ్లు. అవును, వేరే. జేబులోంచి పోయే డబ్బు మాత్రం ఆ పెన్షన్‌దే.

రిబేటు పోయిన మా బ్లాకు పెద్దాయన దాని మీద అప్పీలు వేస్తానన్నారు. ఆడిటరు వద్దన్నాడు, ఆ మాటతో నేనూ ఏకీభవించాను. ముప్ఫై రోజుల్లో ఫారం 35 వేయవచ్చు. 2020 నుంచి ఆ విచారణ ఫేస్‌లెస్. మనం ఎదురుగా నిలబడి కష్టం చెప్పుకునే అధికారి ఉండడు. ఉన్నా ఏం చేయగలడు? సెక్షన్లోనే “నివాసి” అని ఉంటే కమిషనర్ కొట్టేయలేడు, ట్రిబ్యునల్ కొట్టేయలేదు. ఆ మాట మార్చగలిగేది పార్లమెంటు. కాబట్టి ఏటా బడ్జెట్‌కు ముందు, డిసెంబరులోనే పెన్షనర్ల సంఘాలు ఆర్థిక మంత్రికి అర్జీ పంపాలి. అడగాల్సింది చిన్నదే: ప్రభుత్వ పెన్షన్ తీసుకునే భారత పౌరుడు ఏ దేశంలో ఉన్నా, ఆ పెన్షన్ వరకు రిబేటు ఇవ్వండి. మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఈ ఆదివారం ఆ కాగితం మీద సంతకాలు మొదలుపెడుతున్నాం. అమెరికాలో ఉన్నవాళ్లు సంతకం చేసి స్కాన్ పంపినా చేరుస్తాం.