వీపులకే వేషాలు

వైవిధ్యం! ప్రాతినిధ్యం! వేదికెక్కితే చాలు, హాలీవుడ్ ఈ రెండు మాటలే దంచుతుంది. వినీ వినీ చెవులు తూట్లు పడ్డాయి. సరే, వాళ్ల పాత రాక్షసుల డబ్బాలు ఓసారి విప్పి చూద్దామా?

1954 మార్చి 1. బికినీ దీవుల్లో అమెరికా హైడ్రోజన్ బాంబు పేల్చింది. ఆ బూడిద 23 మంది ఉన్న జపాన్ చేపల పడవ మీద కురిసింది. అదే ఏడాది నవంబరులో జపాన్‌లో ‘గాడ్జిల్లా’ విడుదలైంది. బాంబు పరీక్షలు లేపిన రాక్షసుడి కథ. రైల్లో ఒకామె నాగసాకిలో చావు తప్పించుకున్న సంగతి తలచుకుని వాపోతుంది. పరీక్షలు ఆగకపోతే ఇంకో గాడ్జిల్లా రావచ్చని చివర్లో ముసలి శాస్త్రవేత్త హెచ్చరిస్తాడు.

1956లో అది అమెరికా చేరింది. రైల్లో ఆమె గోడు? కత్తెర. ముసలాయన హెచ్చరిక? హుష్‌కాకి! బాంబు పేల్చినవాడికి బాంబు ఊసు రుచిస్తుందా? ఖాళీ అయిన చోట తెల్ల విలేకరిని కూర్చోబెట్టారు. వేషం కట్టింది నటుడు రేమండ్ బర్. కైరో వెళ్తూ టోక్యోలో దిగాడట మహానుభావుడు. ఊరు తగలబడుతుంటే కిటికీ దగ్గర నిలబడి టేపు రికార్డరుకు వ్యాఖ్యానం చెబుతాడు. చచ్చేది వాళ్లు, కథ చెప్పేది ఈయన!

అసలు నటులేమో జపాన్‌లో. బర్ దొర లాస్ ఏంజెలెస్‌లో. మరి మాటామంతీ ఎలా? ఆసియా మూలాల డూపుల్ని తెచ్చి కెమెరాకు వీపు పెట్టించారు. నాయిక ఎమికో అంటే కాస్త జుట్టు, రెండు భుజాలు. అంతే! డబ్బింగా? చైనా మూలాలున్న జేమ్స్ హాంగ్ ఒక్కడే బోలెడు పాత్రలకు గొంతిచ్చాడు. ఆసియావాళ్లంతా ఒకటే కదా, తేడా ఎవడు కనిపెడతాడని ధీమా! బల్లికి మాత్రం క్లోజప్.

ఆడవాళ్ల సంగతా? ‘క్రీచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్’లో ఆ మొప్పల జీవికి రూపం గీసింది మిలిసెంట్ పాట్రిక్. యూనివర్సల్ స్టూడియో ఆమెను ఊరూరా ప్రచారానికి తిప్పింది. మేకప్ విభాగాధిపతి బడ్ వెస్ట్‌మోర్‌కు కడుపు మండింది. ఆమె తిరిగొచ్చేసరికి ఉద్యోగం ఊడింది. తెర మీద పేరు ఆయనది. అన్నట్టు, ఆ సినిమాలో జీవి చేతిలో ముందుగా చచ్చేదెవరు? డేరాలో కాపలా ఉన్న అమెజాన్ పనివాళ్లు. ఇంకెవరు?

కత్తెర పడని గాడ్జిల్లా అమెరికాలో మామూలు థియేటర్లకు వచ్చింది 2004లో. అప్పటికి సినిమాకు 50 ఏళ్లు.