పీసీవీ వాల్వు పట్టాభిషేకం

విజయవాడ ఆటోనగర్‌లో మిట్టమధ్యాహ్నం, రేకుల షెడ్డు కింద కారు బానెట్టు లేచింది. లేచిందంటే చాలదు, కోట తలుపు తెరుచుకుంది! లోపల వైర్ల తోరణాలు, రబ్బరు గొట్టాల వంకరవీధులు. నడుమ నాలుగు సిలిండర్ల సార్వభౌముడు, లక్ష కిలోమీటర్ల దండయాత్రాధూళిధూసరితగాత్రుడు, కిరీటం చుట్టూ ఆయిల్ చెమటలు కారుస్తూ, ఐడిలింగులో తడబడుతూ రొప్పుతూ ఆసీనుడై ఉన్నాడు.

రొప్పడా మరి! పేలుడు పేలుడుకూ పిస్టన్ రింగుల ప్రాకారాల సందుల్లోంచి కాలిన వాయువులు, కాలని పెట్రోలావిరి, నీటియావిరి చోరసేనలై జారి, క్రాంక్ కేసు పాతాళంలో దండు దిగుతాయి. పోయే దారి మూసుకుంటే నూనెను బురద చేస్తాయి, ఆయిల్ సీళ్లను తన్ని బయటపడతాయి. పూర్వయుగంలో వీటిని ఓ గొట్టంలోంచి రోడ్డు మీదికే వదిలేసేవారు. ఆ పాపం లాస్ ఏంజెలిస్ ఆకాశాన్ని కమ్మింది. కాల్‌టెక్ రసాయనవేత్త అరీ హాగెన్-స్మిట్ ఆ మసకపొగ పుట్టుక బయటపెట్టాడు. ఆ తర్వాత 1961 మోడల్ కార్లతో కాలిఫోర్నియాలో ఒక ద్వారపాలకుడు కొలువుకెక్కాడు. దొంగలను పట్టి తిరిగి సిలిండర్ల అగ్నిగుండానికే ఆహుతిచ్చే ఆ మహానుభావుడే పీసీవీ వాల్వు!

బొటనవేలంత దేహం. గర్భంలో ఓ స్ప్రింగు, ఓ చిన్న ముల్లు. అంతే ఆస్తి. ఐడిలింగులో మానిఫోల్డు వాక్యూమ్ గట్టిగా గుంజితే దారి సన్నం చేస్తాడు, యాక్సిలరేటర్ తొక్కి గుంజుడు తగ్గితే ద్వారం విశాలం చేస్తాడు, బ్యాక్‌ఫైర్ ఎగదన్నితే తలుపు బిడాయిస్తాడు. ఇంతటి సమయజ్ఞత ఉన్న మంత్రి ఏ మహాసామ్రాజ్యంలో ఉన్నాడో చూపండి!

అదిగో, వేంచేస్తున్నాడు మేస్త్రీ! నుదుట మసి విభూతి, భుజాన వేస్టుగుడ్డ ఉత్తరీయం, దక్షిణహస్తాన నోస్ ప్లయర్. వెనకాల స్పానర్ల గలగల భేరీనాదంతో శిష్యుడు.

"గురూ, గొట్టం కదలట్లేదు!"

"లాగకురా, తిప్పు. ఎండిపోయి ఉంటది."

తిప్పాడు. ఫటేల్! వేడికి పెళుసెక్కిన ఆ గొట్టం యుద్ధభూమిలో విరిగిన రథచక్రంలా రెండు ముక్కలైంది. ఆ వెనకే, గ్రోమెట్టు సింహాసనాన్ని వీడి, నల్లజిగురులో మునిగిన వృద్ధ ద్వారపాలకుడు ప్లక్కున వెలువడ్డాడు. మేస్త్రీ ఆయన్ను చెవిదగ్గర పెట్టి ఊపాడు. షెడ్డు షెడ్డంతా ఊపిరి బిగబట్టింది. గ్రైండర్లు ఆగాయి, టీ గ్లాసులు గాలిలో నిలిచాయి. నిశ్శబ్దం! ముల్లు బిగుసుకుపోయింది! కార్బురేటర్ క్లీనర్ ఆగ్నేయాస్త్రం బుస్సుమని కొడితే ఒక్కోసారి ప్రాణం లేస్తుంది గానీ, కొన్ని వందలకు కొత్తవాడు దొరికే రోజుల్లో ముసలాయన్ను అలా వేధించడం నాకు నచ్చదు. మేస్త్రీకీ నచ్చలేదు. కొత్త వాల్వు ఊపగానే పసిపాప చేతి గిలక్కాయలా టకటకమంది. కొత్త గ్రోమెట్టు ఆసనం, ఆయిలుకు ఉబ్బని కొత్త గొట్టం ఛత్రం, కొత్త క్లిప్పుల కంకణాలు, సకల లాంఛనాలతో పట్టాభిషేకం! ఇంజన్ స్టార్టు చేసి, గొట్టం ఓసారి ఊడదీసి కొనకు వేలు అడ్డం పెట్టాడు. చుప్పున పట్టింది వాక్యూమ్. శిష్యుడి ముఖాన విజయధ్వజం ఎగిరింది.

ఇక యజమానికి అలంకారప్రీతి. క్యాచ్ క్యాన్ కావాలన్నాడు. నిజానికి దాని అవసరం డైరెక్ట్ ఇంజెక్షన్ వాళ్లకెక్కువ. అక్కడ ఇన్‌టేక్ వాల్వులను కడగడానికి పెట్రోలు అటు రాదు, ఆయిల్ తుంపర మాడి మసిగా గడ్డకడుతుంది. ఈ సార్వభౌముడిది పోర్ట్ ఇంజెక్షనే. అయినా రాజుగారి కొలువులో అనవసరమైన మంటపం ఒక్కటీ లేకపోతే ఎలా? వాల్వుకూ మానిఫోల్డుకూ మధ్య, మిలమిల మెరిసే అల్యూమినియం కారాగారం బ్రాకెట్టుపై ప్రతిష్ఠితమైంది. దాని గర్భంలో స్టీలుపీచు మహారణ్యం. అందులో దూరిన ఆయిల్ తుంపర దారితప్పి, చల్లబడి, బొట్లుబొట్లుగా అడుగున లొంగిపోవాలి. వాయువులు మాత్రం అనుమతిపత్రంతో ముందుకు సాగాలి.

"నిండితే మళ్లీ ఇంజన్లోనే పోసెయ్యొచ్చా?" అన్నాడు యజమాని, ఒక్క బొట్టూ వదలని ఇంట పుట్టినవాడు.

మేస్త్రీ ప్లయర్ దించాడు. "అందులో నీళ్లూ పెట్రోలూ కలిసుంటాయి సార్. పొయ్యకండి. ఆయిలు మార్చేలోపు రెండు మూడుసార్లు విప్పి చూడండి. చలికాలం దగ్గరదగ్గర తిరుగుళ్లయితే ఇంకా ముందే చూడాలి. వాల్వు డబ్బులు వేరు, క్యాన్ డబ్బులు వేరు."