అలర్టుకు ఆటోమేషన్ పెడుతున్నారా? ఈ ఐదు సలహాలు వినకండి

అర్ధరాత్రి అలర్ట్ మోగగానే లేచి, ల్యాప్‌టాప్ తెరిచి, నిన్న కొట్టిన కమాండే మళ్లీ కొట్టి పడుకోవడం ఆన్‌కాల్ చేసే ప్రతి ఒక్కరికీ అనుభవమే. అమెరికా పగటి పనిని తమ రాత్రివేళ మోసే హైదరాబాద్ టీములకైతే మరీను. అలాంటి పనిని స్క్రిప్టుకు అప్పగించాల్సిందే. మనిషి నిద్ర చెడితే మర్నాడు నిర్ణయాలూ చెడతాయి. అయితే ఆ స్క్రిప్టు ఎలా ఉండాలన్న విషయంలో టీముల్లో కొన్ని సలహాలు పాతుకుపోయాయి. వాటిని నమ్మితే గోటితో పోయేది గొడ్డలి దాకా వస్తుంది.

1. "సర్వీస్ పలకకపోతే వెంటనే రీస్టార్ట్ చేయించెయ్"

రీస్టార్ట్ చాలాసార్లు పనిచేస్తుంది కాబట్టే ఈ సలహా ఇన్నాళ్లు బతికింది. కానీ కుబర్నెటిస్‌లో లైవ్‌నెస్ ప్రోబ్‌ను డేటాబేస్ దాకా వెళ్లి చూసేలా రాశారనుకోండి. డేటాబేస్ కాస్త నెమ్మదిస్తే చాలు, ఏ దోషమూ లేని పాడ్‌లన్నీ రీస్టార్ట్ అవుతాయి. లేచాక కొత్త కనెక్షన్ల కోసం అన్నీ కలిసి ఆ డేటాబేస్ మీదే పడతాయి. ప్రోబ్ తన ప్రాసెస్ సంగతి మాత్రమే అడగాలి. రీస్టార్ట్‌కు ముందు స్క్రిప్టు థ్రెడ్ డంప్ తీసి భద్రపరచాలి, లేకుంటే కారణం ఎప్పటికీ దొరకదు. ఒకటి రెండుసార్లతో కుదుటపడకపోతే అక్కడితో ఆగి మనిషిని లేపాలి.

2. "ఫెయిలోవర్ ఎంత వేగంగా జరిగితే అంత మంచిది"

2018 అక్టోబర్ 21న గిట్‌హబ్‌లో అమెరికా తూర్పు తీరంలోని నెట్‌వర్క్ హబ్‌కూ, అక్కడి ప్రధాన డేటా సెంటర్‌కూ మధ్య లింకు 43 సెకన్లు తెగింది. ఆ కాస్త వ్యవధిలోనే ఆర్కెస్ట్రేటర్ అనే టూల్ మైఎస్‌క్యూఎల్ ప్రైమరీలను పడమటి తీరానికి మార్చేసింది. తూర్పున చివరి క్షణాల్లో రాసిన డేటా అటు చేరలేదు. పడమటన కొత్త డేటా రాయడం మొదలైపోయింది. దాంతో వెనక్కి తిప్పే దారి మూసుకుపోయి, సేవలు పూర్తిగా కోలుకోవడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. ఆ తర్వాత గిట్‌హబ్ ప్రైమరీలు ఒక ప్రాంతం దాటి మరో ప్రాంతానికి వాటంతట అవి మారకుండా కట్టడి చేసింది. వెనక్కి తీసుకోగల పనిని స్క్రిప్టుకు వదలండి. వెనక్కి తీసుకోలేనిదైతే వివరాలన్నీ సిద్ధం చేసిపెట్టి మనిషి అనుమతి అడిగేలా రాయండి.

3. "చెక్ ఫెయిలైన సర్వర్‌ను లైన్‌లోంచి తీసెయ్"

ఒక్క సర్వర్ విషయంలో ఇది సరైనదే. అన్నీ ఒకేసారి ఫెయిలైతే మాత్రం తప్పు సర్వర్లది కాకపోవచ్చు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్‌లో మెయింటెనెన్స్ కోసం ఇచ్చిన ఒక కమాండ్ బ్యాక్‌బోన్ నెట్‌వర్క్‌ను తెంచేసింది. డేటా సెంటర్లు అందకపోతే తమ బీజీపీ ప్రకటనలను ఉపసంహరించుకోవాలన్నది డీఎన్ఎస్ సర్వర్లకు ముందే పెట్టిన నియమం. అవి దాన్ని తు.చ. తప్పకుండా పాటించాయి. నిక్షేపంగా నడుస్తున్న ఆ సర్వర్లు లోకానికి కనిపించకుండా పోయాయి. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌తో సహా అన్నీ దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. అందుకే ఒక పరిమితి ఉండాలి. ఎన్వాయ్ ప్రాక్సీ, బాగున్న సర్వర్లు సగం కన్నా తగ్గితే, డిఫాల్ట్‌గా చెక్ ఫలితాలను పక్కనపెట్టి అన్నిటికీ ట్రాఫిక్ పంపుతుంది. మీ స్క్రిప్టుకూ అలాంటి గీత ఒకటి గీయండి.

4. "తేడా వస్తే ఆపేద్దాంలే"

2016 ఆగస్టు 11న రెడిట్ ఇంజినీర్లు తమ సర్వర్ల వివరాలుండే జూకీపర్‌ను కొత్త చోటికి తరలిస్తూ, జాగ్రత్త కోసం ఆటోస్కేలర్‌ను చేత్తో ఆపారు. ప్యాకేజీలను చూసుకునే మరో సిస్టమ్ ఆ మార్పును పొరపాటుగా భావించి ఆటోస్కేలర్‌ను మళ్లీ నడిపించింది. అది సగం తరలిన డేటా చదివి, నడుస్తున్న సర్వర్లను తీసేసింది. సైట్ కూలింది. ఆపే స్విచ్ ఒకే చోట ఉండాలి, మిగతా ఆటోమేషన్లన్నీ దాన్ని గౌరవించాలి. అది నిజంగా ఆపుతుందో లేదో పని రోజున, పట్టపగలు పరీక్షించి చూడండి.

5. "ఆటోమేషన్ వచ్చాక రన్‌బుక్ ఎందుకు?"

మనస్తత్వ శాస్త్రవేత్త లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ 1983లోనే తన పరిశోధన పత్రంలో ఈ ప్రమాదాన్ని చెప్పారు: తేలికైన పనులు యంత్రానికి వెళ్లాక మనిషికి కఠినమైనవే మిగులుతాయి, అభ్యాసం మాత్రం తగ్గిపోతుంది. స్క్రిప్టు చేతులెత్తేసిన రాత్రి కొత్తగా చేరిన ఇంజినీరుకు దిక్కు ఆ రన్‌బుక్కే. దాన్ని తాజాగా ఉంచండి, అప్పుడప్పుడు ఆటోమేషన్ ఆపేసి చేత్తో చేయించండి.

ఇక ఏం చేయాలంటే, మొదట కొన్ని వారాలు స్క్రిప్టు ఏ పనీ చేయకుండా, తానైతే ఏం చేసేదో ఛానెల్‌లో రాయనివ్వండి. ఆన్‌కాల్ మనిషి తీసుకున్న నిర్ణయంతో దాన్ని పోల్చండి. రెండూ కలుస్తుంటే మనిషి నొక్కితేనే నడిచే బటన్ ఇవ్వండి. అది నిలకడగా పనిచేస్తుంటేనే పూర్తిగా వదలండి. చేసే ప్రతి పనికీ లాగ్ ఉండాలి, ఆ స్క్రిప్టుకు బాధ్యుడి పేరుండాలి. ఎన్నిసార్లు, ఎన్ని సర్వర్ల మీద, ఎంతసేపు అన్న హద్దులు కోడ్‌లో ముందు రాయండి. ఆ హద్దులు రాయలేకపోతున్నారంటే ఆ సమస్య మీకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా ఆ పని మనిషి చేతుల్లోనే ఉంచండి.